ప్రయాణాల్లో నోట్స్ రాయడం ఆగిపోయింది, సగంలో ఉన్న అల్లికలను మళ్లీ ఎలా అందుకోవాలి?

ఊలుబుట్ట:
అందరికీ నమస్తే. అల్లే ప్రతిదానికీ నోట్‌బుక్‌లో ఒక పేజీ పెట్టుకోవడం నాకు అలవాటు. ఊలు లేబుల్ అతికించి, సూది సైజు, ఎన్ని కుట్లతో మొదలుపెట్టానో, మధ్యలో ఏం మార్చానో రాస్తాను. ఊళ్లు తిరుగుతుంటే ఎక్కడ కూర్చుని అల్లానో కూడా ఒక వాక్యం. ఏడాది పైగా ఆ నోట్‌బుక్ తెరవలేదు. చేతిలో అల్లిక ఏ రోజూ ఆగలేదు, రాయడమే ఆగింది.

ఇప్పుడు సంచిలో ఒక సాక్సు పూర్తయి ఉంది, రెండోది మొదలుపెట్టాలి. నా టెన్షన్ అంతా లేస్ శాలువా గురించే. ఎస్టోనియాలోని హాప్సలు వెళ్లినప్పుడు అక్కడి శాలువాలు దగ్గరగా చూసి, నేను 5 లూపులతో వేస్తున్న నుప్‌లు (ఆ బుడిపెలు) పలచగా ఉన్నాయనిపించి 7కి మార్చాను. తర్వాత సూది మొనలు ఊడదీసి వేరేదానికి వాడాను. కుట్లన్నీ ఇప్పుడు కేబుల్ (రెండు మొనలను కలిపే తీగ) మీద ఉన్నాయి. మొన సైజు 3.25 మిల్లీమీటర్లా, 3.5నా? రాయని నెలలను గుర్తున్నంత మేరకు నింపాలా, ఖాళీగా వదిలేయాలా?

నాలుగోసూది:
సూది సంగతి తేలికే. అదే ఊలుతో రెండు సైజుల్లోనూ చిన్న ముక్కలు అల్లి, 5 సెంటీమీటర్లలో ఎన్ని కుట్లు వస్తున్నాయో శాలువాతో పోల్చండి. శాలువా ఇంకా తడపలేదు కదా, ముక్కలను కూడా తడపకుండానే కొలవండి. అప్పుడు చెక్క మొన వాడి ఉంటే ఇప్పుడూ చెక్కదే. స్టీలు సూది మీద ఊలు జారుతుంది, చాలామందికి కుట్టు సైజు మారిపోతుంది.

పాతఊలు:
ఊలుబుట్ట గారూ, జ్ఞాపకం మీద ఒక్క అంకె కూడా రాయకండి. మీరు రాయనిది చాలావరకు అల్లికలోనే ఉంది, చదవండి.

సాక్సు తీసుకోండి. మడమ పట్టీ అంచున ఒక గొలుసు కనిపిస్తుంది. వరస మొదట్లో ఒక కుట్టు అల్లకుండా జార్చే పద్ధతి అయితే, ఆ గొలుసులో ఒక్కో కడియం రెండు వరసలకు లెక్క. కాలి భాగంలో ఒకే నిలువు వెంట V ఆకారాలు లెక్కపెట్టండి. వేళ్ల దగ్గర కుట్లు తగ్గించిన చోట రెండు కుట్లు ఒకదానిమీద ఒకటి వాలి ఉంటాయి, వాటి మధ్య ఎన్ని సాదా వరసలు ఉన్నాయో చూస్తే చాలు. పగటి వెలుగులో, నల్ల ఊలైతే కింద తెల్ల గుడ్డ పరిచి చూడండి. ఒక సాయంత్రంలో మొత్తం పేజీ తిరిగి వస్తుంది.

శాలువాలో నుప్ ఎక్కడ మారిందో వెతకడానికి వెనక్కి తిప్పండి. 5 లూపులదాని కంటే 7 లూపులది లావుగా చేతికి తగులుతుంది. కేబుల్ మీద ఇన్నాళ్లు ఉన్న వరసను మాత్రం జాగ్రత్తగా విప్పి మళ్లీ అల్లండి, లేకపోతే సాగిన గీత కనబడే ప్రమాదం ఉంది. అంతకంటే ముందు, రెండు వరసల కింద సాదా వరసలో సన్నని నూలు దారం గుచ్చి లైఫ్‌లైన్ (విప్పేటప్పుడు కుట్లు అంతకంటే కిందికి జారకుండా ఆపే దారం) పెట్టుకోండి. లేస్‌లో లైఫ్‌లైన్ లేకుండా విప్పడం నాకు అస్సలు నచ్చదు.

అల్లిక చెప్పలేనివి కొన్నే: సూది సైజు, ఊలు డై లాట్ నంబరు (ఏ విడతలో రంగు వేశారో చెప్పేది), ఎందుకు మార్చారు అన్నది. ఎంత అలసటలో ఉన్నా ఈ మూడూ రాసుకోండి. మిగతాది బట్ట దాచి పెడుతుంది.

రైలుకిటికీ:
నోట్‌బుక్ తీయడం కుదరనప్పుడు నేను ఊలు మీదే రాస్తాను. మొదట్లో మిగిలిన కొసకు సూది సైజు ముడులుగా వేస్తాను. 3.5 అంటే మూడు ముడులు, కాస్త ఎడం, తర్వాత ఐదు. ఎన్నాళ్లయినా పోదు. అల్లిక ఆపే ప్రతిసారీ చార్టు పక్కన పెట్టి ఒక ఫొటో తీస్తే తేదీ దానంతట అదే ఉంటుంది.

పాతఊలు గారితో ఒక్క దగ్గర ఏకీభవించను. అంకెలు జ్ఞాపకం మీద రాయకూడదు, నిజమే. కానీ ఎక్కడ అల్లారో, పక్కన ఎవరున్నారో అల్లిక చెప్పదు. అవి మాత్రం గుర్తున్నంతవరకు ఇప్పుడే రాయండి, తేదీలు లేకపోయినా సరే.

ఊలుబుట్ట:
ఇద్దరి మాటా విన్నాను. ముక్కలు అల్లి చూస్తే 3.5 అని తేలింది. నుప్ మారిన వరస కూడా దొరికింది, వేలితో తడిమితేనే తెలిసింది! సాక్సు పేజీ పూర్తిగా రాసేశాను. హాప్సలు గురించి రెండు పేజీలు రాశాను, రాస్తుంటే అక్కడి శాలువాల నమూనాలు ఒక్కొక్కటీ గుర్తొచ్చాయి.

ఇంకొక్కటి. శాలువా ఊలు తూచాను. ఈ రకం 100 గ్రాములకు 400 మీటర్లు. 37 గ్రాములు మిగిలింది, అంటే 148 మీటర్లు. మధ్యభాగానికి సరిపోతుంది గానీ అంచుకి చాలదు. అదే రంగు దొరికింది, డై లాట్ వేరు. పరవాలేదా?

పాతఊలు:
పరవాలేదు, హాప్సలు శాలువా కావడం మీ అదృష్టం. ఆ పద్ధతిలో అంచు విడిగా అల్లి మధ్యభాగానికి కుడతారు. కాబట్టి పాత ఊలంతా మధ్యకు, కొత్త ఉండ మొత్తం అంచుకు వాడండి. రంగు కొంచెం తేడా వచ్చినా కుట్టు దగ్గరే వస్తుంది, కావాలని చేసినట్టే ఉంటుంది. కొత్త లేబుల్ కూడా ఆ పేజీలోనే అతికించండి.