మొదటిసారి ఇంట్లోనే ఇంజిన్ విప్పబోతున్నా, ఆపేవాళ్లుంటే ఇప్పుడే ఆపండి

హొరమావు800:
నాన్నది 1999 మోడల్ మారుతి 800, కార్బురేటర్ బండి. హిందూపురంలో మూడేళ్లు చెట్టు కింద వదిలేశాం, ఆయిల్ కూడా మార్చలేదు, తప్పంతా మాదే. ఇప్పుడు బెంగళూరు తెచ్చుకున్నా. స్టార్ట్ చేస్తే నీలం పొగ, ఎదురు అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ దోమల మందు కొడుతున్నారా సార్ అని అడుగుతున్నాడు. మెకానిక్ చూసి ఇంజిన్ బోర్‌కి వచ్చింది (సిలిండర్లు అరిగాయి, లోపల కోసి సైజు పెంచాలట), 30 వేల పైనే అవుతుందన్నాడు. మాకు కారు షెడ్డు ఉంది, రెండు నెలలు బండి లేకపోయినా గడుస్తుంది, అందుకే నేనే చేద్దామని. స్పానర్ సెట్టు తప్ప ఏమీ లేదు. స్పేర్ పార్టులమ్మే జేసీ రోడ్డుకి పోయి పిస్టన్లు, రింగులు ముందే కొనిపెట్టుకోనా?

పాతబళ్లపిచ్చి:
కొనకు బ్రో, విప్పకు కూడా. ముందు కంప్రెషన్ గేజ్, అదే సిలిండర్లో ఒత్తిడి కొలిచే మీటర్, ఎక్కడైనా అడిగి తెచ్చుకో. ఇంజిన్ వేడెక్కాక మూడు ప్లగ్గులూ తీసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కిపెట్టి సెల్ఫ్ కొట్టి రీడింగులు రాసుకో. తక్కువ వచ్చిన సిలిండర్లో ప్లగ్ రంధ్రంలోంచి చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ చూడు. రీడింగ్ లేచిందా, రింగులో బోరో అరిగినట్టు. లేవలేదా, వాల్వులో హెడ్ గాస్కెట్టో (హెడ్డుకీ బ్లాకుకీ మధ్య ఉండే సీలు). పొగ పొద్దున స్టార్ట్ చేయగానే గుప్పుమని తగ్గిపోతోందంటే వాల్వ్ సీళ్లు కావచ్చు, వాటికోసం ఇంజిన్ దించక్కర్లేదు. వాచ్‌మన్‌నే అడుగు, ఆయనకి బాగా తెలిసేలా ఉంది :)

వేళచేరి గ్యారేజీ:
హెడ్, అంటే సిలిండర్ల మీద మూతలా ఉండే పైభాగం, తీశాక సిలిండర్ పైఅంచు కింద గోటితో గీకి చూడండి. గోరు తట్టుకునేంత మెట్టు ఉందంటే ఒట్టి రింగులు మారిస్తే లాభం లేదు, బోర్ వేయించాల్సిందే. లేత్ వాళ్లు కొలిచి 0.25 మి.మీ. పెద్ద సైజు చాలా, 0.50కి పోవాలా చెప్పాక పిస్టన్లు కొని, ఆ పిస్టన్లే వాళ్లకిచ్చి వాటికి తగ్గట్టు బోర్ వేయమనాలి. నేను తెలివిగా ముందే కొన్న స్టాండర్డ్ సెట్టు ఇప్పటికీ అటక మీదే ఉందండి.

ఇంకోటి, కనెక్టింగ్ రాడ్ క్యాపులు (పిస్టన్ రాడ్డుని కింద క్రాంక్‌కి పట్టి ఉంచేవి). ఏ రాడ్డు క్యాపు ఆ రాడ్డుకే, తీసిన దిక్కులోనే పడాలి. నేను మూడూ కిరోసిన్‌లో కడిగి ఒకే స్టీలు పళ్లెంలో పడేశా (ఆ పళ్లెం గురించి ఇంట్లో జరిగిన గొడవ వేరే). బిగించాక క్రాంక్ చేత్తో తిప్పితే సగం తిరిగి పట్టేసింది. ఆదివారం మొత్తం పోయింది. విప్పకముందే పెయింట్‌తో 1, 2, 3 అని గుర్తులు పెట్టుకోండి. టార్క్ రెంచ్ (ఎంత బిగువుగా తిప్పామో చూపే స్పానర్) లేకుండా మాత్రం హెడ్ బిగించొద్దు, మధ్య బోల్టుల నుంచి బయటికి, రెండు మూడు విడతల్లో.

కేఏ04:
గుజిరీలో, అదే పాత సామాన్ల దగ్గర, వేరే బ్లాక్ (సిలిండర్లుండే ఇంజిన్ మొండెం) చౌకగా దొరుకుతుంది, మార్చేయ్ అంటారు, వినకు. ఆర్సీలో ఉన్న ఇంజిన్ నంబర్ దీనిదే కదా. బ్లాక్ మారిస్తే ఆర్టీవోలో రాయించుకోవాలి, లేదంటే రెన్యూవల్‌కి పోయినప్పుడు అదో తలనొప్పి.

హొరమావు800:
వారం తర్వాత చెప్తున్నా. ఒకటి, మూడు సిలిండర్ల రీడింగులు ఆయిల్ పోయగానే లేచాయి. రెండోది కదల్లేదు. అంటే రింగులూ, వాల్వులూ రెండూనా?

పాతబళ్లపిచ్చి:
రెండూనే. బ్లాక్‌తో పాటు హెడ్డు కూడా లేత్‌కి పట్టుకెళ్లు, రెండుసార్లు తిరగకుండా.