రేకుల పని మానేసిన ఇరవై ఏళ్లకు దమ్ము: కేసు వేయాల్నా, సర్కారు స్కీం అడగాల్నా?

పాలమూరు కూలి:
పాలమూరు, నల్లగొండ పల్లెల నుంచి హైదరాబాద్ చుట్టుపక్కల ఆస్బెస్టాస్ నార కలిపే సిమెంటు రేకుల ఫ్యాక్టరీలకు పోయి 1990లలో పనిచేసినవాళ్లున్నరు. వాళ్లకు ఇప్పుడు మెట్లెక్కితే దమ్ము, తెగని పొడి దగ్గు వస్తే పరిహారం ఎట్ల రావాలన్నదే చర్చ. కేసు వేయాలన్నది నా వాదన. 1923 పరిహార చట్టం మూడో షెడ్యూల్లో ఆస్బెస్టోసిస్ (ఆస్బెస్టాస్ దుమ్ముతో ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బు) ఉంది, ఆస్బెస్టాస్ వల్ల వచ్చే ఊపిరితిత్తుల క్యాన్సర్, మెసోథీలియోమా (ఊపిరితిత్తుల పొరకు వచ్చే క్యాన్సర్) ఉన్నయి. 2025 నవంబర్ 21 నుంచి సామాజిక భద్రతా కోడ్ వచ్చినా రోగాల జాబితా అందులోనూ ఉంది. పాత చట్టం లెక్క చూడండి: 55 ఏళ్ల మనిషి, లెక్కలోకి తీసుకునే జీతం 15,000, పూర్తి శాశ్వత వైకల్యం. జీతంలో 60 శాతం అంటే 9,000. దాన్ని వయసు గుణకం 135.56తో గుణిస్తే 12,20,040 రూపాయలు. ఏ స్కీం ఇస్తుంది ఇంత?

మూసీ ఒడ్డు:
అన్నా, ఆ పన్నెండు లక్షలు చేతికి రావాలంటే ఆ పాత చట్టం 10వ సెక్షన్ దాటాలె. క్లెయిముకు గడువు రెండేళ్లు. పని మానేసినవాళ్లకైతే, మానేసిన రెండేళ్లలోపు లక్షణాలు బయటపడితేనే, అవి కనబడ్డ రోజును ప్రమాదం జరిగిన రోజుగా పట్టుకుంటరు. ఆస్బెస్టోసిస్ బయటపడటానికి పదేళ్లు, ఇరవై ఏళ్లు పడుతుంది. మెసోథీలియోమాకు ముప్పై, నలభై కూడా. రోగం నడక ఒకటి, చట్టం గడియారం ఒకటి. సరైన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించే అధికారం పరిహారం కేసులు వినే కమిషనర్‌కు ఉంది, కాదనను. కానీ అది ఆయన విచక్షణ, హక్కు కాదు. అమెరికాలో నౌకాదళ మాజీ సైనికునికి సర్వీసులో ఆస్బెస్టాస్ తగిలిందని, దానివల్లే మెసోథీలియోమా వచ్చిందని తేలితే నూరు శాతం వైకల్యం కింద నెలనెలా డబ్బొస్తది. ఓడ దిగి ఎన్నేండ్లయిందన్నది అడ్డు కాదు. మనకు కావలసింది అట్లాంటి ఏర్పాటు.

ఛాతీ వార్డు:
మీరిద్దరూ రోగం తేలినట్టే మాట్లాడుతున్నరు. అసలు అక్కడే సగం కేసులు పోతయి. దమ్ము, దగ్గు, బరువు తగ్గడం చూసి టీబీ మందులు మొదలుపెడ్తరు. సీబీనాట్ (టీబీ పట్టే కఫం పరీక్ష) నెగెటివ్ వచ్చి, మందులకు తగ్గకపోతే వెంటనే హెచ్‌ఆర్‌సీటీ (ఊపిరితిత్తులను వివరంగా చూపే సీటీ స్కాన్) అడగండి. బోర్లా పడుకోబెట్టి కూడా తీయమనాలె. వెల్లకిలా పడుకున్నప్పుడు ఊపిరితిత్తి వెనక భాగం బరువుకు నొక్కుకుపోయి మచ్చలాగే కనిపిస్తది, బోర్లా తీస్తే అది మాయమైతది, నిజమైన మచ్చ మాయం కాదు. ఆస్బెస్టోసిస్ మచ్చ కింది భాగాల్లో మొదలైతది, పలుగురాయి దుమ్ముతో వచ్చే సిలికోసిస్ ఎక్కువగా పై భాగాల్లో. ఊపిరితిత్తుల పొర మీద సున్నం పేరుకున్న మందపాటి మచ్చలుంటే ఆస్బెస్టాస్ తగిలిందనటానికి గట్టి గుర్తు. పీఎఫ్‌టీలో (ఊపిరితిత్తుల పనితీరు పరీక్షలో) ఎఫ్‌వీసీ (నిండా పీల్చి పూర్తిగా వదిలే గాలి) తగ్గిందా, డీఎల్‌సీవో (ఊపిరితిత్తుల నుంచి రక్తంలోకి గాలి చేరే శక్తి) తగ్గిందా చూడాలె. డీఎల్‌సీవో యంత్రం అన్నిచోట్లా ఉండదు కాబట్టి హైదరాబాద్ పోవాల్సి రావచ్చు. అన్నిటికంటే ముఖ్యం, ఓపీ చీటీ మీద "ఫలానా ఏడు నుంచి ఫలానా ఏడు దాకా ఆస్బెస్టాస్ సంచులు విప్పే పని" అని డాక్టర్‌తో రాయించడం. "పొగ తాగుతడు" అని మాత్రమే రాసి ఉంటే అవతలి వకీలు దాన్నే పట్టుకుంటడు.

ఫారం త్రీఏ:
నేను కేసు పక్షమే, అయితే కాగితాలు ముందు. 1995 జనవరి 27 నాటి సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం ఆస్బెస్టాస్ పరిశ్రమ ప్రతి కార్మికుని ఆరోగ్య రికార్డును పనిలో చేరిన నాటి నుంచి 40 ఏళ్లు, లేదా పని మానేశాక 15 ఏళ్లు, ఏది తర్వాత వస్తే అంతవరకు దాచాలె. 1992లో చేరినవాని రికార్డు 2032 దాకా ఉండాల్సిందే. రాతపూర్వకంగా, రిజిస్టర్డ్ పోస్టులో అడగండి. ఫ్యాక్టరీల శాఖకు సమాచార హక్కు కింద వేరే దరఖాస్తు పెట్టండి. పీఎఫ్ ఖాతా చరిత్ర, పాత ఫారం 3ఏ (ఏడాది పీఎఫ్ జమల కార్డు), ఈఎస్ఐ (కార్మికుల ఆరోగ్య బీమా) నంబరు ఏది దొరికినా పనికొస్తది. కానీ ఈఎస్ఐ కింద ఉన్న మనిషైతే కమిషనర్ దగ్గరికి పోవద్దు, ఆ దారి చట్టమే మూసేసింది. వాళ్లది ఈఎస్ఐ వైద్య బోర్డు దారి. ఈ తేడా తెలియక ఏళ్లకేళ్లు పోతున్నయి.

మూసీ ఒడ్డు:
ఆ కాగితాలు పర్మనెంటు కార్మికునికి. గుంపు మేస్త్రీ కింద పోయినవానికి పీఎఫ్ ఎక్కడిది? రేకుకు జే హుక్కుల రంధ్రాలు పొడిగా తొలిచినవాడు, గ్రైండర్‌తో కోసినవాడు, లారీ షెడ్డులో ఆస్బెస్టాస్ కలిసిన పాత బ్రేక్ లైనర్ల దుమ్మును కంప్రెసర్ గాలితో ఊదినవాడు, వీళ్లకు యజమాని పేరే ఉండదు. రాజస్థాన్ 2019 విధానంలో యజమానిని నిరూపించే బాధ లేదు. వైద్య బోర్డు ధ్రువీకరిస్తే రోగికి 3 లక్షలు, చనిపోతే కుటుంబానికి 2 లక్షలు. తక్కువే, కానీ మనిషి బతికుండగా వస్తది.

ఛాతీ వార్డు:
ఒక లోటు గుర్తుంచుకోండి సార్. ఆ విధానం దుమ్ముతో ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బులకు. మెసోథీలియోమా క్యాన్సర్, ఆ కోవలోకి రాదు. ఇక్కడ స్కీం అడిగేటప్పుడు దాని పేరు విడిగా రాయించకపోతే అందరికంటే తొందరగా పోయేవాళ్లే బయట ఉండిపోతరు.

పాలమూరు కూలి:
మేస్త్రీ కింద పోయినోళ్ల విషయంలో మూసీ ఒడ్డు అన్న మాట ఒప్పుకుంటున్న, వాళ్లకు స్కీం తప్ప దారి లేదు. పనిచేసిన రుజువు కాగితం ఉన్నవాడు మాత్రం స్కీం వచ్చేదాకా ఆగొద్దు. 1995 తీర్పే ఆస్బెస్టోసిస్ తేలిన కార్మికునికి లక్ష ఇయ్యాలన్నది, అప్పటి లక్ష. ఇంకా పనిలో ఉండి దమ్ము మొదలైనవాళ్లు రిపోర్టు చేతికొచ్చిన వారంలోనే యజమానికి రాతపూర్వక నోటీసు ఇచ్చి, నకలు మీద స్టాంపు వేయించుకోండి. పనికి పోతూనే పాక్షిక వైకల్యం వస్తే పాత చట్టంలో రెండేళ్ల లెక్క ఆ నోటీసు తేదీ నుంచే.