‘వితౌట్ లీవ్’లో లీవ్ అంటే సెలవా, అనుమతా?

గోదారిగట్టు: బడి మానడం, పని మానడం గురించిన ఇంగ్లీషు మాటలు పిల్లలకు చెప్పేటప్పుడు ‘ఆబ్సెంట్ వితౌట్ లీవ్’ దగ్గర చిక్కు వస్తోంది. ‘సెలవు లేకుండా’ అంటే ఆ రోజు సెలవు కాదనుకుంటున్నారు. పాత నాటకాల్లో ‘దేవర సెలవైతే’ అనో ‘సెలవైనచో’ అనో వస్తుందే, ఆ సెలవేనా ఇది?

పదపిచ్చి: అదే. సైన్యంలో పుట్టిన మాట, అక్కడ లీవ్ అంటే అనుమతి. వెళ్లిపోవడం అనే లీవ్‌ది వేరే ధాతువు. మన ‘సెలవిచ్చు’లోనూ అనుమతే ముందు, ఇంట్లో కూర్చోవడం తర్వాత.

నెల్లూరి మాష్టారు: నేనొప్పుకోను. తమిళంలో సెల్ అంటే వెళ్లు, సెలవు అంటే ఖర్చు. మన సెలవుకీ వెళ్లడమే మూలం, అనుమతి తర్వాత చేరింది.

వాడుకమాట: మూలం సంగతి సరే, పిల్లలు తప్పేది వాడుకలో. ‘లీవ్ పెట్టాను’ని ‘ఐ పుట్ లీవ్’ అనేస్తారు. ‘టుక్ ద డే ఆఫ్’ అనాలి. ‘ఇన్ లీవ్’ కాదు, ‘ఆన్ లీవ్’. ఒంట్లో బాగాలేదని పొద్దున్నే ఫోన్ చేసి చెబితే ‘కాల్డ్ ఇన్ సిక్’. ‘మిస్డ్ స్కూల్’ మధ్యలో ‘టు’ రాదు, ‘ద’ రాదు. కావాలని ఎగ్గొడితే ‘స్కిప్’. బ్రిటన్‌లో ‘బంక్ ఆఫ్’ అంటారు. మనం ‘ఆఫ్’ తీసేసి ‘కొట్టు’ తగిలించాం. అమెరికాలో అదే ‘ప్లే హుకీ’, బంక్ అంటే పడక అనుకుంటారు.

పదపిచ్చి: ‘మిస్డ్ ఎ డే’కి మన దగ్గర చక్కటి మాట నాగా. పాల లెక్కలో నాగా అంటే రాని రోజు, అంతే. డుమ్మాలో ఉన్న తప్పు అందులో లేదు. వేమన చెప్పిందీ నాగా లేని సాధనే: ‘అనగననగ రాగమతిశయిల్లుచునుండు’.

గోదారిగట్టు: ‘అతిశయించుచునుండు’ కదండీ?

పదపిచ్చి: ‘అతిశయిల్లు’నే. ఆటవెలది గణాలు చూసుకోండి.

నెల్లూరి మాష్టారు: గణాలు తేల్చవు బాబూ. రెంటికీ చివర నగ, సల గణాలే పడతాయి. యతీ చెడదు. అర్థమే తేల్చాలి: అతిశయించడమంటే మించిపోవడం, అతిశయిల్లడమంటే వర్ధిల్లడం. రాగానికి ‘ఇల్లు’ ఉండాల్సిందే.