పట్టు ముక్కలు అతికిస్తే జిగురు మచ్చలు పైకి తేలుతున్నాయి

అమ్మ పాత పట్టుచీర ముక్కలు, కలంకారీ నూలు పీలికలు, పాత కాగితాలు కలిపి 6×8 అంగుళాల కాన్వాస్ బోర్డు మీద చిన్న చిన్న బొమ్మలు చేస్తున్నాను. కలంకారీ చక్కగా అతుక్కుంటోంది. చిక్కంతా పట్టుతోనే. తెల్ల జిగురులో సగానికి సగం నీళ్లు కలిపి రాస్తే, తడి పైకి ఊరి, ఆరాక ముదురు మచ్చగా నిలిచిపోతోంది. నీళ్లు కలపకుండా పల్చగా రాస్తే మచ్చ తగ్గింది కానీ జరీ అంచు పక్కన బుడగలు వస్తున్నాయి. రాత్రంతా పుస్తకాల బరువు పెట్టినా అంతే. గ్లూ స్టిక్‌తో అతికిస్తే మర్నాటికే అంచులు లేచిపోయాయి. కుడదామంటే అడుగున కాగితం చిరుగుతోంది. అమ్మ చీర ముక్కలు ఇక కొన్నే ఉన్నాయి, వాటిని ప్రయోగాలకు వాడాలనిపించడం లేదు.

పట్టు వెనక ముందుగా ఇస్త్రీతో అంటుకునే ఫ్యూజింగ్ గుడ్డ వేసి, ఆ తర్వాత జిగురు రాస్తే మచ్చ ఆగుతుందా?