సముద్రపు అల ఏ రకం తరంగం? ట్యూషన్ షీటుతో పేచీ వచ్చింది

అన్నానగర్_నాన్న:
మా పాప సీబీఎస్ఈ పదకొండులో ఉంది. ట్యూషన్ షీటులో "సముద్రపు అలలు తిర్యక్ తరంగాలు – ఒప్పు" అని ఉంది. మొన్న బెసంట్ నగర్ బీచ్‌లో నీళ్లలో తేలుతున్న ఖాళీ సీసాను చూపించి, "నాన్నా, అది పైకీ కిందకీ మాత్రమే కాదు, ముందుకీ వెనక్కీ కూడా ఊగుతోంది, మరి తిర్యక్ ఎలా అవుతుంది?" అని పట్టుకుంది. నేను చదివింది కామర్స్. సోమవారం టెస్టు, ఇంట్లో ఒకటే టెన్షన్. తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

వేళచ్చేరి_మాస్టారు:
పాప చూసిందే కరెక్టండీ. అల దేని గుండా పోతుందో దాన్ని యానకం అంటారు. ఆ యానకంలోని కణాలు అల పోయే దిశకు అడ్డంగా ఊగితే తిర్యక్ తరంగం, అదే దిశలో ముందుకూ వెనక్కూ ఊగితే అనుదైర్ఘ్య తరంగం. సముద్రపు అలలో రెండూ కలిసి ఉంటాయి. లోతు నీళ్లలో ప్రతి నీటి బొట్టూ దాదాపు గుండ్రంగా తిరుగుతుంది. అల శిఖరం మీద ఉన్నప్పుడు ముందుకు, పల్లంలో ఉన్నప్పుడు వెనక్కి. కిందకి పోయేకొద్దీ ఆ చుట్టు చిన్నదైపోతుంది. తరంగదైర్ఘ్యంలో, అంటే ఒక శిఖరం నుంచి పక్క శిఖరం దాకా ఉన్న దూరంలో, సగం లోతుకి వెళ్తే కదలిక దాదాపు ఉండదు. ఒడ్డు దగ్గర లోతు చాలక ఆ చుట్టు కోలగా సాగిపోతుంది. అందుకే సీసా అంతలా ముందుకూ వెనక్కూ ఊగుతూ కనబడింది.

మైలాపూర్_వీణ:
వీణ నేర్పుతాను, నా వంతు చెబుతాను. తీగను మీటితే తీగ అడ్డంగా ఊగుతుంది, అల తీగ వెంట పోతుంది, అది తిర్యక్. అది గాలిలోకి వచ్చాక నొక్కుడూ సడలింపూగా పోతుంది, అది అనుదైర్ఘ్యం. బిరడ బిగిస్తే తీగలో అల వేగం పెరిగి స్వరం పైకి పోతుంది. గాలిలో మాత్రం వేగం మారదు, 20 డిగ్రీల దగ్గర సెకనుకు సుమారు 343 మీటర్లు, మంద్రమైనా తారమైనా అంతే. లేకపోతే సభలో వెనక వరసవాళ్లకి కచేరీ కలగాపులగమే! అన్నట్టు, మెరీనా ఎదురుగా ఉన్న ప్రెసిడెన్సీ కాలేజీలో చదివిన సి.వి. రామన్ గారు వీణ మీద, మృదంగం మీద కూడా పరిశోధన చేశారు.

అంబత్తూరు_వెల్డ్:
మాది వెల్డింగ్ జాయింట్లకి అల్ట్రాసోనిక్ టెస్టింగ్, అంటే చెవికి వినబడని శబ్దం పంపి లోపలి పగుళ్లు పట్టుకోవడం. మా పనంతా ఈ రెండు రకాల తేడా మీదే నడుస్తుంది. ఆ శబ్దాన్ని పంపే పరికరాన్ని ప్రోబ్ అంటాం. నిటారుగా పంపే నార్మల్ ప్రోబ్ ఉక్కులోకి అనుదైర్ఘ్య తరంగం పంపుతుంది, వేగం సెకనుకు దాదాపు 5,900 మీటర్లు. ఏటవాలుగా పంపే యాంగిల్ ప్రోబ్ పెడితే తిర్యక్ తరంగం, దాదాపు 3,200. ప్రోబ్ మార్చి మెషీన్‌లో వేగం సెట్టింగ్ మార్చకపోతే పగులు ఒకచోట ఉంటే స్క్రీన్ ఇంకోచోట చూపిస్తుంది. కొత్తగా చేరిన కుర్రాళ్లకి ముందు నేర్పేది ఇదే.

ఇంకో తమాషా. ప్రోబ్‌కీ ఉక్కుకీ మధ్య గాలి ఉంటే తరంగం లోపలికి పోదు, అందుకే జెల్ రాస్తాం. కానీ అలాంటి పలచటి జెల్ గుండా తిర్యక్ తరంగం పోలేదు. అందుకని యాంగిల్ ప్రోబ్ అడుగున ఉండే ప్లాస్టిక్ దిమ్మెలో బయల్దేరేది అనుదైర్ఘ్యమే. జెల్ దాటి ఏటవాలుగా ఉక్కును తాకినచోట అది తిర్యక్‌గా మారుతుంది.

పాపకి అసలు చెప్పాల్సింది ఇదీ: తిర్యక్ తరంగం నడవాలంటే ఒక పొర పక్కకి జరిగినప్పుడు దాన్ని వెనక్కి లాగే పట్టు ఉండాలి. ఉక్కుకి ఉంది, నీటికి లేదు. సముద్రం పైన అల లేస్తోందంటే నీటిని వెనక్కి లాగుతున్నది భూమి ఆకర్షణ.

వేళచ్చేరి_మాస్టారు:
భలే చెప్పారు. భూమి లోపలా ఇదే లెక్క. భూకంపంలో ముందొచ్చే పి తరంగం అనుదైర్ఘ్యం, వెనకొచ్చే ఎస్ తరంగం తిర్యక్. ఎస్ తరంగాలు భూమి బాహ్య కేంద్రకం గుండా పోవు. అది ద్రవమని తేలడానికి పెద్ద ఆధారం అదే.

కాసిమేడు_కుర్రాడు:
మాది వేటకెళ్లే కుటుంబం. లోపలికి పోయాక పడవ అల మీద ఎక్కి దిగుతుందే గానీ అలతో పాటు ఒడ్డుకి కొట్టుకురాదు. గాలీ నీటివాటమూ అయితే లాక్కుపోతాయి, అది వేరే సంగతి. 2004 సునామీ పొద్దున మా బాబాయి లోతు నీళ్లలోనే ఉన్నాడు, ఏమీ తెలియలేదట. గట్టుకొచ్చి చూసేసరికి వలలు లేవు, ఇళ్లు లేవు. అది ఏ రకం అలండీ?

వేళచ్చేరి_మాస్టారు:
అదీ నీటి అలే తమ్ముడూ, కానీ తరంగదైర్ఘ్యం వందల కిలోమీటర్లు. దాని ముందు బంగాళాఖాతం కూడా లోతు తక్కువ కిందే లెక్క. అప్పుడు వేగం ఒక్క లోతు మీదే ఆధారపడుతుంది. 4,000 మీటర్ల లోతులో గంటకి 700 కిలోమీటర్ల పైమాటే. భూకంపమైన రెండు గంటలకి ఉపగ్రహం కొలిస్తే నడిసముద్రంలో ఎత్తు 60 సెంటీమీటర్లు. అంత పొడవు అల మీద అంత ఎత్తు పడవలో ఉన్నవాళ్లకి ఎలా తెలుస్తుంది? ఒడ్డుకొచ్చేకొద్దీ ముందుభాగం నెమ్మదిస్తుంది, వెనకది తరుముకొస్తుంది, నీరు పైకి లేస్తుంది. డిసెంబర్ 26న నేలలోంచి వచ్చిన అదురు నిమిషాల్లో చెన్నైకి తగిలింది. నీరు రావడానికి రెండున్నర గంటలు పట్టింది. ఆ మధ్య సమయంలో చెప్పే వ్యవస్థ అప్పుడు మనకు లేదు. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్‌లో సునామీ హెచ్చరిక కేంద్రం 2007లో వచ్చింది.

టీనగర్_సందేహం:
మరి వెలుగు? దానికి యానకమే లేదుగా, అడ్డంగా ఊగేది ఏంటి?

వేళచ్చేరి_మాస్టారు:
విద్యుత్, అయస్కాంత క్షేత్రాలు. రెండూ వెలుగు పోయే దిశకు అడ్డంగానే ఊగుతాయి. ఒక్క దిశలో ఊగే వెలుగునే పోనిచ్చే పోలరైజ్డ్ కూలింగ్ గ్లాసులు రెండు ఒకదాని వెనక ఒకటి పెట్టి ఒకదాన్ని మెల్లగా తిప్పండి, పావు చుట్టుకి చీకటైపోతుంది. గాలిలోని శబ్దాన్ని అలా ఆపలేం.

అన్నానగర్_నాన్న:
అందరికీ థ్యాంక్స్. మరి టెస్టులో ఏం రాయమంటారు?

వేళచ్చేరి_మాస్టారు:
రెండూ కలిసినదని రాయమనండి. సీబీఎస్ఈ పదకొండో తరగతి పుస్తకంలో తరంగాల పాఠంలోనే ఆ మాట ఉంది, పేజీ తీసి ట్యూషన్ సారుకి చూపించండి.

అన్నానగర్_నాన్న:
చూశాం, ఉంది. ఇప్పుడు బకెట్ ముందు కూర్చుని ఇందులో వచ్చే చిన్న చిన్న అలలూ అంతేనా అంటోంది.

వేళచ్చేరి_మాస్టారు:
తరంగదైర్ఘ్యం 1.7 సెంటీమీటర్ల కంటే తక్కువైతే భూమి ఆకర్షణ కన్నా తలతన్యతదే, అంటే నీటి పైపొరని బిగదీసి ఉంచే లాగుడుదే, పైచేయి. వాటిలో ఎంత పొట్టి అలైతే అంత వేగం. పెద్ద అలలకి దీనికి పూర్తిగా రివర్సు.