పాత ఎల్పీలకు మైక్రోలైన్ ముల్లు కొనాలా, ఉన్న కార్ట్రిడ్జినే సరిగ్గా బిగించుకోవాలా?

పానగల్ పార్క్:
అందరికీ నమస్కారం. మాది చెన్నై, టీ నగర్. నాన్నగారు పోయాక ఆయన రికార్డులు నా దగ్గరికి వచ్చాయి. అరవై పైచిలుకు ఎల్పీలు, ఒక సంచెడు ఈపీలు. ఎక్కువగా ఘంటసాల, బాలమురళి, ఎం.ఎస్. వాటికోసం పాత జపాన్ టర్న్‌టేబుల్ ఒకటి కొన్నాను. దానికి కొత్త ఆడియో-టెక్నికా వీఎం95ఈ కార్ట్రిడ్జి (ముల్లుని పట్టుకుని ఆర్మ్ కొసన ఉండే డబ్బీ) బిగించి ఇచ్చారు.

రికార్డు మొదట్లో గొంతు గంటలా మోగుతుంది. లోపలికి పోయేకొద్దీ స, శ, చ అన్నీ చిరిగిపోతున్నాయి. కచేరీ ఎల్పీల్లో మంగళం వచ్చేది సరిగ్గా అక్కడే. "శ్రీ" అన్నప్పుడల్లా అన్నంలో ఇసుక పంటికి తగిలినట్టుంటుంది. అమ్మ పక్కగదిలోంచి "నాన్న పెట్టినప్పుడు ఇలా లేదురా" అంది. ఆ మాట నన్ను వదలడం లేదు. దుకాణంవాళ్లేమో ఇదే బాడీకి మైక్రోలైన్ ముల్లు (కొన సన్నటి గీతలా చెక్కినది) వేసుకోమంటున్నారు. ధర దీనికి రెట్టింపు పైనే. వేసుకోనా?

కొలబద్ద:
ఇప్పుడే వద్దండీ. ముందు ఉన్నదాన్ని కొలవండి.

లోపల ఎందుకు చిరుగుతుందో చూడండి. నిమిషానికి 33⅓ చుట్ల వేగంలో ఎల్పీ బయటి అంచున గాడి ముల్లు కింద సెకనుకి 51 సెంటీమీటర్లు పరుగెడుతుంది. లోపల, మధ్యనుంచి 6 సెంటీమీటర్ల దూరంలో, 21 మాత్రమే. పది వేల హెర్ట్జ్ అల బయట 51 మైక్రాన్ల పొడవుంటే, అదే అల లోపల 21 మైక్రాన్లలో ఇరుక్కుంటుంది. అక్కడ ముల్లు కాస్త వంకరగా కూర్చున్నా 'స' పాడైపోతుంది.

కార్ట్రిడ్జి తిన్నగా ఉందో లేదో చూసుకునే రెండు బిందువుల ప్రొట్రాక్టర్ కాగితం ప్రింట్ తీసుకోండి (సైజు తగ్గకుండా వచ్చిందో లేదో స్కేలు పెట్టి చూడాలి, చాలామంది ఇక్కడే దెబ్బతింటారు). బేర్వాల్డ్ అనే ఆయన ఆర్మ్ కోణానికి కట్టిన లెక్కలో మధ్యనుంచి 66 మిల్లీమీటర్ల దగ్గర, 120.9 దగ్గర కార్ట్రిడ్జి గీతలకి తిన్నగా ఉండాలి. తర్వాత తూకం, అంటే ముల్లు రికార్డు మీద మోపే బరువు. ఆర్మ్ మీద అంకె నమ్మకండి. రిచీ స్ట్రీట్‌లో చిన్న డిజిటల్ ముల్లు త్రాసు దొరుకుతుంది, దానిమీద 2 గ్రాములు రావాలి. మీ కార్ట్రిడ్జికి చెప్పింది 1.8 నుంచి 2.2. తూకం తగ్గిస్తే రికార్డుకి మంచిదనుకుంటారు, అది తప్పు. ముల్లు కుదురుగా కూర్చోక గోడలని కొడుతూ పోతుంది.

ఇంకో సంగతి. చిరుగు ఏ స్పీకర్లో ఎక్కువ?

తంబురా:
కొలబద్ద గారూ, బిగింపు ముఖ్యమే, కాదనను. కానీ మీరు చెప్పిన 21 మైక్రాన్ల లెక్కే మైక్రోలైన్ వైపు మాట్లాడుతోంది. వీఎం95ఈ ముల్లు కొన పక్క వ్యాసార్ధం 0.3 మిల్ (మిల్ అంటే అంగుళంలో వెయ్యోవంతు), అంటే 7.6 మైక్రాన్లు. మైక్రోలైన్‌ది 0.12 మిల్, 3 మైక్రాన్లే. ఆ చిన్న అల మలుపులోకి ఏది దిగుతుంది?

పైగా ఇవి నలభై, యాభై ఏళ్లు వాడిన రికార్డులు. ఆనాటి సెరామిక్ కార్ట్రిడ్జి ప్లేయర్లు 5 గ్రాములు, ఆపైన బరువుతో గాడిలో ఒకే ఎత్తున గోడని అరగదీశాయి. మైక్రోలైన్ గోడని నిలువునా పొడవుగా తాకుతుంది కాబట్టి అరగని భాగం కూడా దానికి అందుతుంది. మైలాపూర్‌లో మా ఇంట్లో ఒక వీణ ఎల్పీని నేను పనికిరాదని పక్కన పడేశాను. ముల్లు మార్చాక గమకం చివర తీగ సన్నగా నిలబడి ఆగడం వినిపించింది. అప్పుడే తెలిసింది నాకు, పోయింది రికార్డు కాదని.

పాత ప్లేటు:
మీ అనుభవం నిజమే అయ్యుండొచ్చు. నాకు పూర్తిగా తిరగబడింది. పెరంబూరులో ఒకరి ఇంట్లో కొన్న సినిమా పాటల ఈపీల మీద మైక్రోలైన్ పెట్టాను. ప్రతి గీతా, ప్రతి గాటూ పైకొచ్చి కూర్చుంది. గోడ చీలిపోయినచోట ఏ ముల్లూ దాన్ని అతకలేదు. నేను గుండు కొన, అంటే కోనికల్‌కే తిరిగొచ్చాను. డెనాన్ డీఎల్-103 కార్ట్రిడ్జిని 1960ల్లో జపాన్ ఎన్‌హెచ్‌కే ప్రసారాల కోసం తయారుచేశారు, అదీ కోనికలే, 2.5 గ్రాముల తూకంతో. ప్రసారకేంద్రం వాళ్లకి చెవులు లేక కాదు కదా.

పానగల్ పార్క్ గారూ, మీ ఈపీలు చాలావరకు మోనో అయ్యుంటాయి. మోనో గాడిలో పాటంతా అడ్డం కదలికలోనే ఉంటుంది. నిలువు కదలికలో వచ్చేది దుమ్ము, గీతల చప్పుడే. ఆంప్లిఫయర్లో మోనో బటన్ ఉంటే నొక్కండి, రూపాయి ఖర్చు లేకుండా సగం చిటపట పోతుంది. సంచిలో 78లు (నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత ప్లేట్లు) ఉంటే మాత్రం ఈ ముల్లు వాటికి తగలనివ్వకండి. వాటికి 3 మిల్ ముల్లు కావాలి. మీ బాడీకే ఎస్పీ అని దొరుకుతుంది.

కొలబద్ద:
తంబురా గారికి ఒక్క మాట. కొన ఎంత సన్నగా ఉంటే వంకరని అంత తక్కువ ఓర్చుకుంటుంది. కార్ట్రిడ్జిని తప్పుగా బిగించిన హెడ్‌షెల్‌కి (ఆర్మ్ కొసన కార్ట్రిడ్జిని మోసే ముక్క) మైక్రోలైన్ వేస్తే ఆయన డబ్బూ పోతుంది, రికార్డులూ పోతాయి. నా పట్టుదల వరస గురించే: ముందు బిగింపు, తర్వాతే ముల్లు.

పానగల్ పార్క్:
నిన్న రాత్రి కూర్చున్నాను. త్రాసు 1.3 చూపించింది! ఆర్మ్ మీద అంకె 2 దగ్గరే ఉంది. ముందు ఆర్మ్‌ని గాలిలో తేలేలా సమం చెయ్యకుండానే డయల్ తిప్పేశారన్నమాట. చిరుగు కుడి స్పీకర్లోనే ఎక్కువ. యాంటీ-స్కేటింగ్ (ఆర్మ్ లోపలికి లాక్కుపోకుండా ఆపే సర్దుబాటు) చూస్తే సున్నా మీద ఉంది.

ప్రొట్రాక్టర్ మీద ముల్లు బిందువుకి మూడు మిల్లీమీటర్లు వెనక పడింది. కార్ట్రిడ్జి హెడ్‌షెల్ చీలికలో వెనక్కి తోసేసి ఉంది. మరలు సడలించి, పుల్లతో వెంట్రుకవాసి చొప్పున ముందుకి జరిపాను. తెలుపు, నీలం, ఎరుపు, ఆకుపచ్చ తీగలు నాలుగూ ఊడతాయేమోనని చెయ్యి వణికింది. గంటన్నర పట్టింది.

మంగళం పెట్టాను. "శ్రీ" శుభ్రంగా వచ్చింది. అమ్మ వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది, ఏమీ అనలేదు, చివరిదాకా విని వెళ్లింది.

కానీ నాన్నగారు రోజూ పెట్టుకున్న ఘంటసాల ఎల్పీ ఒకటుంది. దానిలో చివరి పాట ఇంకా రెండు స్పీకర్లలోనూ చిరుగుతోంది. మిగతావన్నీ బాగున్నాయి, అదొక్కటే.

కొలబద్ద:
కుడివైపు ఎక్కువన్నప్పుడే అనుకున్నాను. ఆర్మ్ లోపలికి లాగుతుంటే బరువంతా లోపలి గోడ మీద పడి, బయటి గోడకి, అంటే కుడి చానెల్‌కి, పట్టు పోతుంది. ఇక రెండింట్లోనూ చిరిగే రికార్డుది అరుగుదలే. అక్కడ నా కాగితం పనికిరాదు.

తంబురా:
రోజూ పెట్టుకున్న రికార్డంటున్నారు, అరిగేది అదే మరి. నా మైక్రోలైన్ ముల్లు మీ బాడీకి సరిపోతుంది, లాగి తొడగడమే. కొనేముందు ఆ పాట మీద విని చూడండి. ఆదివారం తెస్తాను.

పాత ప్లేటు:
అయితే నేను వీఎం95 కోనికల్ ముల్లు పట్టుకొస్తాను. అదే పాట, అదే తూకం, రెండు ముళ్లూ.

పానగల్ పార్క్:
ముగ్గురూ రండి, పదింటికి. అమ్మ పెసరట్టు వేస్తానంది. రికార్డు కడిగి ఆరబెట్టి ఉంచుతాను. ఏ ముల్లు పెట్టారో మాత్రం అమ్మకి చెప్పొద్దు. ఆ పాట ఎలా ఉండేదో మనలో తెలిసింది ఆవిడకొక్కదానికే.