సమస్యాపూరణం: జంటఁ గూర్ప నిరోధమ్ము సగము దగ్గె

సమస్య (తేటగీతి, నాల్గవ పాదం): "జంటఁ గూర్ప నిరోధమ్ము సగము దగ్గె."

నిర్వాహకుడు: నిరోధానికి నిరోధం తోడైతే పెరగాలి గదా అనిపించే ఈ మాటకు విద్యుద్వలయ ధర్మాలలోనే సమాధానం చూపాలి, శ్లేషతో తప్పుకోరాదు.

పూరణ 1

సమములగు పది యోములఁ జక్క నుంచి
పక్కపక్కనే రెండింటిఁ బఱచినపుడు
ధారకిరు దారులేర్పడె దానఁ జేసి
జంటఁ గూర్ప నిరోధమ్ము సగము దగ్గె.

సమీక్ష: కారణమంతా "ధారకిరు దారు"లన్న మాటలో ఇమిడింది. 10 వోల్టుల బ్యాటరీకి 10 ఓముల నిరోధకం ఒక్కటే ఉంటే 1 ఆంపియరు ధార (కరెంటు) ప్రవహిస్తుంది. రెండవది సమాంతరంగా, అంటే ధారకు వేరొక దారిగా పక్కనే చేరితే దానిలోనూ మరొక ఆంపియరు నడుస్తుంది కనుక, బ్యాటరీ ఇచ్చేది 2 ఆంపియర్లు, దానికి ఎదురయ్యే నిరోధం 5 ఓములు. నిరోధానికి విలోమమై, సీమెన్సులలో కొలిచే వాహకత్వం వైపు నుంచి చూస్తే విషయం మరింత తేటపడుతుంది: ఒక్కొక్కటి 0.1 సీమెన్సు, రెండూ కలిసి 0.2. సమాంతర సంధానంలో నేరుగా కూడవలసినవి సీమెన్సులే గాని ఓములు కావు. అయితే "పది యోములు" రెండింటి మొత్తమని పొరబడే వీలుంది. "సమముగఁ బదేసి యోములఁ జక్క నుంచి" అంటే గణాలూ యతీ చెడకుండా కొలత స్థిరపడుతుంది.

పూరణ 2

రాగితీగకు నింకొక్క రాగితీగ
పొడవు మందము సరిపోల్చి పురిని వేయఁ
గోఁత వైశాల్యమది రెండు కొలతలగుట
జంటఁ గూర్ప నిరోధమ్ము సగము దగ్గె.

సమీక్ష: మూడింటిలో నాకు మిక్కిలి నచ్చినది ఇదే. బ్యాటరీ ఊసెత్తకుండా, తీగ నిరోధాన్ని నిర్ణయించే పదార్థం, పొడవు, మధ్యచ్ఛేద వైశాల్యం మూడింటినీ మూడు పాదాలలో పొదిగారు. 1 చదరపు మిల్లీమీటరు వైశాల్యం గల 100 మీటర్ల రాగితీగకు 20 డిగ్రీల సెల్సియస్ వద్ద నిరోధం సుమారు 1.7 ఓములు, జంటకు 0.85. తీగల కొనలు రెండువైపులా కలిసి ఉండాలన్న నియమాన్ని "పురి" సూచిస్తూనే ఉన్నది.

పూరణ 3

ఘటమునకు నొక్క బల్బుండఁ గలుగు ధార
శ్రేణి వేఱొండుఁ జేర్చఁగఁ జిన్నదయ్యె
వెలుఁగు మందగించినయంత విధముఁ దెలిసె
జంటఁ గూర్ప నిరోధమ్ము సగము దగ్గె.

సమీక్ష: ఘటమంటే ఇక్కడ బ్యాటరీ. నడక హాయిగా ఉన్నది, కాని భావం సమస్యకు ఎదురు తిరిగింది. శ్రేణిలో, అంటే ఒకే దారిలో ఒకదాని వెంట ఒకటి కలిపినప్పుడు, ఓములు కూడుతాయి. ఇక్కడ తగ్గినది ఆంపియర్లలో కొలిచే ధారయే.

ఒక సభ్యుడు: అయ్యా, వెలుగు మందగిస్తే బల్బులో వెలిగే తీగ, అంటే టంగ్‌స్టన్ తంతువు, చల్లబడుతుంది, చల్లబడిన టంగ్‌స్టన్ నిరోధం తగ్గుతుంది గదా, ఆ దారిన ఈ పూరణను సమర్థించరాదా?

నిర్వాహకుడు: చక్కని ఆలోచన. వెలుగుతున్న తంతువుతో పోలిస్తే చల్లని తంతువు నిరోధం సుమారు పదోవంతే ఉంటుంది. మందగించిన తంతువు అంతగా చల్లబడకున్నా దాని నిరోధం కొంత తగ్గుతుంది. అందుకే రెండు బల్బులను శ్రేణిలో కలిపినప్పుడు ధార సరిగ్గా సగానికి పడిపోక, అంతకంటె కొంత ఎక్కువే నిలుస్తుంది. అయినా జంట మొత్తం నిరోధం తొలి బల్బు నిరోధాన్ని మించే ఉంటుంది కనుక "సగము దగ్గె" అన్నది పొసగదు. శ్రేణిని విడిచి సమాంతర సంధానం తెస్తే వెలుగు మందగించదు కాబట్టి మూడవ పాదమూ మారాలి. ఆ విధంగా తిరిగి కట్టి పంపవలసిందిగా పూరణకర్తను కోరుతున్నాను.